రాయడం నేర్పాం, మరి అడగడం?
తెలుగు పాత్రికేయ శిక్షణ: చరిత్ర, వాదాలు, తేలని సంగతులు

పాత్రికేయ శిక్షణ మీద తెలుగునాట వాదన చాలా ఏళ్లుగా ఒకచోటే తిరుగుతోంది. విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకుని వచ్చినవాళ్లకు నాలుగు వాక్యాల వార్త రాయడం రాదని పత్రికలవాళ్లంటారు. పత్రిక సొంత బడిలో తయారైనవాళ్లకు ఆ పత్రిక శైలి తప్ప మరేదీ పట్టదని ఆచార్యులంటారు. మండల కేంద్రంలో ఏళ్ల తరబడి వార్తలు పంపినవాళ్లు ఈ రెండు పక్షాలనూ చూసి నవ్వుతారు. 2013లో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడిగా ఉన్న జస్టిస్ మార్కండేయ కట్జూ పాత్రికేయులకు కనీస విద్యార్హత నిర్ణయించడానికి కమిటీ వేసినప్పుడు దేశమంతా ఇదే గొడవ మళ్లీ రేగింది, మళ్లీ చల్లారింది.

ఈ పక్షాలన్నీ 'ఎక్కడ నేర్పాలి' అన్నదాని మీదే పట్టుబట్టడంతో 'ఏం నేర్పుతున్నాం' అన్నది మరుగున పడింది. వార్త రాయడానికి రెండు పనులు రావాలి. ఒకటి అడిగి తెలుసుకోవడం, రెండోది తెలుసుకున్నది చెప్పడం. తెలుగు శిక్షణ చరిత్రలో రెండోదాని మీద జరిగిన కృషి గొప్పది. మొదటిదాన్ని మాత్రం 'ఫీల్డుకెళ్తే అదే వస్తుంది' అని వదిలేశాం.

బడి ముందా, డెస్క్ ముందా

ఈ తగువు మన దగ్గర పుట్టింది కాదు. 1908లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో వాల్టర్ విలియమ్స్ జర్నలిజం బడి తెరిచినప్పుడు తరగతులతోపాటే ఒక దినపత్రికా మొదలైంది. విద్యార్థులు రాసింది ఊరివాళ్లు చదివేవారు, తప్పుంటే ఊరివాళ్లే నిలదీసేవారు. 1912లో జోసెఫ్ పులిట్జర్ విరాళంతో న్యూయార్క్‌లో వచ్చిన కొలంబియా బడి వెనక ఆలోచన వేరు. పులిట్జర్ 1904లోనే ఒక వ్యాసంలో విలేకరికి చరిత్ర, న్యాయశాస్త్రం, ఆర్థికశాస్త్రం, గణాంకాలు తెలియాలని, పత్రిక వ్యాపారపు మెలకువలు నేర్పడం బడి పని కాదని వాదించాడు. ఒకరికి పని ముఖ్యం, ఇంకొకరికి చదువు ముఖ్యం. బ్రిటన్ చాలాకాలం ఈ రెంటినీ నమ్మలేదు. స్థానిక పత్రికలో శిష్యరికమే అక్కడి బాట. 1951లో జాతీయ శిక్షణ మండలి ఏర్పడ్డాక కూడా నిమిషానికి వంద మాటల షార్ట్‌హ్యాండ్ రావడమే మంచి విలేకరికి గుర్తుగా నిలిచింది. ఇది పాతకాలపు పట్టుదలలా కనిపిస్తుంది కానీ, ఎదుటివాళ్లు చెప్పింది చెప్పినట్టు పట్టుకోవడాన్ని ఒక పరీక్షగా పెట్టిన పద్ధతి ఇదొక్కటే.

మన దేశంలో 1920లో అడయారులో అనీబిసెంట్ చేసిన ప్రయత్నం ఎక్కువకాలం నిలవలేదు. 1941లో లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయం విభాగాన్ని ప్రారంభించిన పృథ్వీపాల్ సింగ్ మిస్సోరీలో చదువుకున్నవాడు. 1954లో హైదరాబాద్‌లో ఉస్మానియా విభాగం, 1965లో ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ వచ్చాయి. పాఠ్యప్రణాళికలు అమెరికా నుంచి వచ్చాయి గానీ, మిస్సోరీ పద్ధతికి ప్రాణమైన ఊరి పత్రిక వాటి వెంట రాలేదు. దానికి బదులు వచ్చింది తరగతి అభ్యాసంగా విద్యార్థులు తయారుచేసే ల్యాబ్ జర్నల్. ఉస్మానియా విభాగం 'ఉస్మానియా కొరియర్' దీనికి పాత ఉదాహరణ. ల్యాబ్ జర్నల్‌కు మార్కులు వేసేవారుంటారు. చందా కట్టి, నచ్చకపోతే ఉత్తరం రాసే పాఠకుడు ఉండడు.

అనువాదం మీద కట్టిన బడి

తెలుగు పత్రికల్లో శిక్షణ అంటే చాలాకాలం అర్థం ఒక్కటే: ఇంగ్లిష్ టెలిప్రింటర్ కాపీని తెలుగు చెయ్యడం. హిందీలో సొంతంగా వార్తలిచ్చే ఏజెన్సీ సేవలు వచ్చాక కూడా తెలుగు డెస్క్ పీటీఐ, యూఎన్ఐల ఇంగ్లిష్ మీదే ఆధారపడింది. కాబట్టి సబ్ ఎడిటర్ పరీక్ష అంటే అనువాద పరీక్ష. పత్రికల సొంత బడుల ప్రవేశ పరీక్షల్లోనూ అనువాదానిదే పెద్దపీట.

నార్ల వెంకటేశ్వరరావు, తాపీ ధర్మారావు వంటి సంపాదకులు వాడుక భాషను పత్రికలోకి తెచ్చిన తరం మొదటిది. 1974లో విశాఖపట్నంలో ఈనాడు మొదలై జిల్లాలకు విస్తరించాక, 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాక అవసరం మారిపోయింది. ఊరూరా విలేకరి కావాలి, ప్రతి జిల్లా పేజీకి డెస్క్ కావాలి. విశ్వవిద్యాలయాలు ఏడాదికి పంపే పదుల మంది ఇందుకు చాలరు. అందుకే ఈనాడు ప్రవేశ పరీక్ష పెట్టి, నెలనెలా భృతి ఇచ్చి సొంత బడి నడిపింది. తర్వాత ఆంధ్రజ్యోతి, సాక్షి అదే బాట పట్టాయి. ఈనాడు బడికి ప్రిన్సిపాల్‌గా ఉన్న భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ ప్రభావం ఆ ఒక్క పత్రికతో ఆగలేదు. చిన్న వాక్యం, తెలిసిన మాట, కర్మణి ప్రయోగానికి సెలవు, తప్పుడు సమాసాల మీద దండయాత్ర: ఇవాళ తెలుగు వార్త చదవడానికి తేలిగ్గా ఉంటే అందులో ఆయన వాటా పెద్దది.

అయితే భాషాశాస్త్రవేత్త నడిపిన బడిలో వార్త ప్రధానంగా భాషా సమస్య కావడం సహజం. ఎర్ర సిరా వాక్యం మీద పడుతుంది. ఆ వాక్యంలో లేని సంగతి మీద పడదు. అడగని ప్రశ్న కాపీలో కనిపించదు కదా, దాన్ని దిద్దేదెలా?

తలకిందుల పిరమిడ్ మీద తగాదా

వార్తా రచన పాఠం ఎక్కడ మొదలైనా ఈ పిరమిడ్ దగ్గరకే వస్తుంది. ముఖ్యమైంది ముందు, మిగతాది తర్వాత. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలకూ ఇంట్రోలో జవాబు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో టెలిగ్రాఫ్ తీగలు తెగిపోతాయన్న భయంతో ఇది పుట్టిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ కథ అంత సూటిగా లేదని, పద్ధతి స్థిరపడింది 19వ శతాబ్దం చివరికేనని చరిత్రకారులు చాలాకాలంగా వాదిస్తున్నారు.

తెలుగుకు దీనితో వచ్చే చిక్కు వేరు. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ఆరు జవాబులూ మొదటి వాక్యంలోనే కూరితే అవన్నీ క్రియకు ముందు వరస కడతాయి. మచ్చుకు ఒక కల్పిత ఇంట్రో చూడండి:

"మండల కేంద్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మంగళవారం మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది విద్యార్థులు అస్వస్థతకు గురి కాగా వారిని హుటాహుటిన 108 వాహనంలో ఏరియా ఆసుపత్రికి తరలించి చికిత్స అందిస్తున్నట్లు వైద్యులు తెలిపారు."

భాషా బడి దీన్ని ఇలా దిద్దుతుంది: "మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది విద్యార్థులు ఆసుపత్రి పాలయ్యారు. మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో మంగళవారం ఇది జరిగింది." నిస్సందేహంగా మెరుగే. 'అస్వస్థతకు గురి కాగా' పోయింది, 'హుటాహుటిన' పోయింది. పిరమిడ్‌ను వ్యతిరేకించేవాళ్లు ఇంకో మాటంటారు. తెలుగు శ్రోతకు కథ జరిగిన వరసలో వినడం అలవాటు, కాబట్టి ఒక పిల్లవాడితో మొదలుపెట్టి, అన్నం రుచి తేడాగా ఉందన్న మాటతో సాగించి, సంఖ్య దగ్గరకు తర్వాత రావాలంటారు. ఆదివారం అనుబంధాల్లో, వెబ్ కథనాల్లో ఈ పద్ధతి బలపడింది. మొబైల్‌లో చదివేవాళ్లు రెండో పేరా దాకా రారు గనుక పిరమిడే మేలని డిజిటల్ డెస్కులు మళ్లీ వెనక్కి లాగుతున్నాయి.

మూడు వాదాలూ అదే ముడిసరుకును అటూ ఇటూ జరుపుతున్నాయి, అంతే. ఆ ఇంట్రోలో అసలు లోపం వాక్యనిర్మాణం కాదు. 'వైద్యులు' అంటే ఎవరు? డ్యూటీ డాక్టరా, సూపరింటెండెంటా? బడిలో ఆ పూట తిన్నవాళ్లు మొత్తం ఎందరు? 23 మంది ఎంతమందిలో? వంట ఏజెన్సీ మహిళలతో ఎవరైనా మాట్లాడారా? వాళ్లకు బిల్లులు ఎన్ని నెలలుగా రాలేదు? బియ్యం బస్తా ఎప్పుడు దిగింది? హెడ్మాస్టర్ ముందు రుచి చూడాలన్న నిబంధన ఆ రోజు పాటించారా? రుచి చూసిన రిజిస్టర్‌లో సంతకం ఉందా? పిల్లల్లో ఎవరైనా నిన్న కూడా కడుపునొప్పి అన్నారా? వీటిలో మూడింటికి జవాబు దొరికితే వార్త దానంతటదే మారిపోతుంది, ఏ పిరమిడ్‌లో పేర్చినా సరే. ఒక్కటీ అడక్కపోతే ఎంత చక్కటి తెలుగైనా ఆసుపత్రి దగ్గర విలేకరులందరికీ దొరికిన సమాచారమే అవుతుంది. చెడ్డ కాపీలో సగం చెడ్డ రచన కాదు, చాలని విచారణ.

ప్రశ్న వెయ్యడంలో మూడు దారులు

ఇంటర్వ్యూ వార్తా పద్ధతిగా మారింది 19వ శతాబ్దపు అమెరికాలో. 1859లో హోరేస్ గ్రీలీ మార్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్‌ను ప్రశ్నలడిగి, జవాబులను ప్రశ్నోత్తరాలుగానే అచ్చు వెయ్యడం తొలి మైలురాళ్లలో ఒకటి. ఆనాటి యూరప్‌లో చాలామందికి ఇది మర్యాద తప్పిన పనిగా తోచింది. పెద్దమనిషిని ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయడమేమిటన్న ఆ ఇబ్బంది మనకు కొత్తదేం కాదు.

ప్రశ్న వేసే దారుల్లో మొదటిది ఎదురుదాడి పద్ధతి. ఇటలీ పాత్రికేయురాలు ఒరియానా ఫలాచీ పేరు దీనికి మారుపేరైంది. మన టీవీ చర్చా వేదికలు ఆమె పరిశోధనను వదిలి స్వరాన్ని మాత్రం తెచ్చుకున్నాయి. రెండోది కెనడా పరిశోధక పాత్రికేయుడు జాన్ సవాట్స్కీ ప్రచారం చేసిన పద్ధతి. ఇది ఎదురుదాడికి నేరుగా వ్యతిరేకం: ప్రశ్న చిన్నదిగా ఉండాలి, అవును-కాదుతో తేలనిదై ఉండాలి, అందులో విలేకరి అభిప్రాయం ఉండకూడదు, ఒకేసారి రెండు ప్రశ్నలు వెయ్యకూడదు. "రైతులు తీవ్రంగా నష్టపోయారు కదా, ప్రభుత్వం నిర్లక్ష్యం చేసిందని మీరు భావిస్తున్నారా?" అన్న మన మైకు ప్రశ్నను ఆయన తూకంలో పెడితే అన్ని తప్పులూ ఒకేచోట కనిపిస్తాయి. ఆ రైతు "అవును సార్" అనడం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు. మూడోది వినే పద్ధతి. ఇందులో ఎంతసేపు పట్టిందన్నది ముఖ్యం కాదు, ఎదుటి మనిషి తన వరసలో తను చెప్పుకోవడం ముఖ్యం.

ఈ మూడోదానికి తెలుగులో పెద్ద సంపద ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్ల మాటల్లోనే వినిపించింది. ఇంటర్వ్యూ అంటే ఏమిటో నేర్చుకునే విద్యార్థి చేతిలో ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం కన్నా ముందు ఉండాల్సింది ఇది. సంగారెడ్డి జిల్లా మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియోలో దళిత స్త్రీలు తమ ఊళ్ల స్త్రీలనే ప్రశ్నలడుగుతారు. అక్కడ అడిగేవాళ్లకూ చెప్పేవాళ్లకూ మధ్య మెట్టు లేదు. పి.సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పరి' వేదిక విద్యార్థుల చేత పల్లెల్లో పనిచేసేవాళ్ల కథనాలు రాయిస్తోంది, తెలుగులోనూ ప్రచురిస్తోంది. జర్నలిజం విభాగాల బయట జరిగిన పని ఇదంతా. విభాగాల లోపలికి ఇది పాఠంగా రావడం దగ్గరే ఆగిపోయాం.

పద్ధతి ఏదైనా మన విద్యార్థికి ఎదురయ్యే మొదటి గోడ మర్యాద. కలెక్టర్ ముందు కూర్చుంటే ప్రతి వాక్యం చివరా 'సార్' వస్తుంది, దాంతో ప్రశ్న విన్నపంలా మారుతుంది. అదే విద్యార్థి కూలీ తల్లి ముందు నిలబడగానే 'ఏమ్మా, ఎంతిచ్చారు' అని గొంతు మారుతుంది. పై మనిషిని గట్టిగా అడగాలి, కింద ఉన్న మనిషిని ఓపికగా వినాలి. ఈ రెండు నేర్పులూ సొంతంగా రావు. పాశ్చాత్య పాఠ్యపుస్తకం అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ దాదాపు సమానులని అనుకుని రాసింది. దాని మీద మాత్రమే ఆధారపడితే కులం, హోదా, వయసు ఒక ప్రశ్నను ఎలా వంచుతాయో తరగతిలో మాటే రాదు. ప్రెస్ మీట్ సంస్కృతి దీన్ని ఇంకా పాడుచేసింది. ఇరవై మైకుల మధ్య నిలబడితే చాలు, ప్రశ్న వెయ్యకపోయినా బైట్ దొరుకుతుంది.

విద్యార్థి పత్రికకు స్వేచ్ఛ ఎంత

ప్రచురణ లేకుండా ఈ నేర్పు రాదన్నది దాదాపు అందరూ ఒప్పుకునే మాట. ప్రచురించాక వచ్చే చిక్కులకు బాధ్యత ఎవరిదన్న దగ్గర తగువు. 1983లో అమెరికాలో హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ ప్రిన్సిపాల్ విద్యార్థి పత్రిక నుంచి రెండు పేజీలు తీసేయించారు. ఒకటి విద్యార్థినుల గర్భధారణ మీద, ఇంకొకటి తల్లిదండ్రుల విడాకుల మీద కథనం. 1988లో సుప్రీంకోర్టు ప్రిన్సిపాల్ పక్షాన తీర్పు చెప్పింది. దీన్ని సెన్సార్‌షిప్ కథగానే చెప్పుకుంటాం. కానీ ప్రిన్సిపాల్ చూపిన కారణాలు రెండూ విలేకరి పనికి సంబంధించినవే: పేర్లు మార్చినా ఆ విద్యార్థినులను గుర్తుపట్టవచ్చు, విడాకుల కథనంలో కూతురు తండ్రిని తప్పుపట్టింది, తండ్రి వెర్షన్ తీసుకోలేదు. ప్రిన్సిపాల్ అధికారం ఎంత అన్నది వేరే ప్రశ్న. ఆ రెండు లోపాలూ ఏ డెస్క్ అయినా పట్టుకోవాల్సినవి.

2017లో కాన్సాస్ రాష్ట్రం పిట్స్‌బర్గ్‌లో ఒక హైస్కూల్ పత్రిక విద్యార్థులు కొత్త ప్రిన్సిపాల్‌ను పరిచయం చేద్దామని మొదలుపెట్టారు. ఆమె చెప్పిన డిగ్రీలను సరిచూశారు, ఫోన్‌లో ఆమెనే అడిగారు, జవాబులు పొంతన కుదరక అచ్చు వేశారు. ఆమె ఉద్యోగంలో చేరకముందే రాజీనామా చేశారు. సరిచూడడం, తిరిగి అడగడం: రెండే రెండు మెలకువలు. ఇక 2019లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రిక ఒక నిరసనను రిపోర్టు చేసి, నిరసనకారులను ఇంటర్వ్యూ కోసం ఫోన్ సందేశాలతో సంప్రదించినందుకు, వాళ్ల ఫొటోలు పెట్టినందుకు క్షమాపణ చెప్పింది. పెద్ద పాత్రికేయులు చాలామంది ఆ క్షమాపణనే తప్పుపట్టారు. బాధలో ఉన్న మనిషి దగ్గరకు వెళ్లి అడగడం ఎంతవరకు అన్నది అక్కడా తేలలేదు.

మన క్యాంపస్‌లలో ప్రచురణకర్తా, పరీక్షలు పెట్టేవాళ్లూ ఒక్కరే. హాస్టల్ మెస్ మీద, ఖాళీ అధ్యాపక పోస్టుల మీద ల్యాబ్ జర్నల్‌లో ఎంత గట్టి కథనం వస్తుందో ఊహించడం కష్టం కాదు. సమాచార హక్కు చట్టం కింద సొంత విశ్వవిద్యాలయానికి ఒక దరఖాస్తు పెట్టించడం రిపోర్టింగ్ పాఠంలో మొదటి అభ్యాసం కావచ్చు. ఆ అభ్యాసానికి ఎన్ని విభాగాలు సాహసిస్తాయి?

పోల్చి చూస్తే

విశ్వవిద్యాలయం బలం విషయ పరిజ్ఞానం, చట్టం, నీతి; బలహీనత కాపీని రోజూ దిద్దే చెయ్యి లేకపోవడం. పత్రిక బడి బలం సరిగ్గా ఆ చెయ్యే, పైగా భృతి ఉండడం వల్ల పేదింటి పిల్లలకు తలుపు తెరుచుకుంటుంది. యాజమాన్యం రాజకీయాలను ప్రశ్నించే పాఠం మాత్రం అక్కడ ఉండదు. పనిలో నేర్చుకునే దారిలో ఊరి మనుషుల పరిచయం, వార్త వాసన పట్టడం వస్తాయి; నేర్చుకున్నది తప్పో ఒప్పో చెప్పేవాళ్లు ఉండరు. సామాజిక వేదికలు, సంఘం రేడియో వంటివి వినడం అద్భుతంగా నేర్పుతాయి, గడువులోపల రాయడం అంతగా నేర్పవు. నాలుగింటిలో ఏది మేలంటే, నా ఓటు ప్రశ్నలతో కాపీని వెనక్కి పంపే మనిషి ఎక్కడుంటే అక్కడికి. ఆ మనిషి ఆచార్యుడా, సబ్ ఎడిటరా అన్నది రెండో సంగతి.

ఇంకా తేలనివి

చెప్పిన మాటను ఏ యాసలో రాయాలి? తెలంగాణ పల్లె స్త్రీ మాటను 'ప్రామాణిక' తెలుగులోకి మార్చి కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అది ఆమె మాటేనా? యథాతథంగా పెడితే, పక్కనే మంత్రి మాట నున్నటి తెలుగులో ఉంటే, ఆమె వెక్కిరింతకు గురికాదా? తెలంగాణ యాసలో సాగే 'తీన్మార్ వార్తలు' కార్యక్రమం తర్వాత యాసకు టీవీలో గౌరవమూ వచ్చింది, వినోదమూ అయింది. అచ్చు పత్రికలకు స్థిరమైన పద్ధతి ఇంకా లేదు. అధికారి 'చెప్పారు', నిందితుడు 'పారిపోయాడు' అన్న క్రియా భేదం నేరం రుజువు కాకముందే తీర్పు చెప్పేస్తుందన్న వాదనకు కూడా జవాబు రాలేదు.

చట్టం తెలియకుండా ఫీల్డుకు పంపడం మరో ప్రమాదం. లైంగిక దాడి బాధితుల గుర్తింపు వెల్లడిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్, బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ వర్తిస్తాయి. పేరు రాయకుండా ఊరు, బడి, తండ్రి పని రాసినా గుర్తింపు బయటపడినట్టే. రికార్డు చేసిన మాటను యంత్రమే అక్షరాల్లోకి మార్చి, వార్తగా కుదించి ఇచ్చే రోజుల్లో భాషా బడి నేర్పిన పని విలువ ఎంత మిగులుతుందన్నది కొత్త ప్రశ్న. అడిగే పని మాత్రం యంత్రం ఆసుపత్రికి వెళ్లి చెయ్యదు.

అన్నింటికన్నా చిక్కుముడి మండల కంట్రిబ్యూటర్ దగ్గరుంది. జిల్లా పేజీలకు వార్తలు ఎక్కువగా వచ్చేది అతని నుంచే. అతడు ఏ బడిలోనూ లేడు, చాలాచోట్ల జీతగాడు కూడా కాడు. పండగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తేవాల్సిన భారం అతని మీదే. పొద్దున సర్పంచ్‌ను సిమెంటు రోడ్డు నాణ్యత గురించి అడగాలి, సాయంత్రం అదే సర్పంచ్‌ను సంక్రాంతి శుభాకాంక్షల ప్రకటన అడగాలి. సవాట్స్కీ సూత్రాలు, ఫలాచీ ధైర్యం ఈ రెండో ప్రశ్న ముందు ఎలా నిలబడాలో ఏ పాఠ్యప్రణాళికా రాయలేదు. ప్రెస్ అకాడమీలు జరిపే శిక్షణ తరగతులు అతనికి భాష, చట్టం చెప్పి పంపుతాయి. ప్రకటన టార్గెట్ నిర్ణయించే యాజమాన్యం ఆ తరగతికి రాదు.